కారు ఏసీ కండెన్సర్‌కు చిల్లు: వారంటీ వర్తించదంటే ఏం చేయాలి?

ప్రశ్న: మాది నల్గొండ. రెండేళ్ల రెండు నెలల క్రితం హైదరాబాద్‌లో కారు కొన్నాం. మూడేళ్ల వారంటీ ఉంది. పోయిన వేసవి నుంచి ఏసీ సరిగా చల్లబరచడం లేదు. షోరూమ్ సర్వీస్ సెంటర్‌లో రెండుసార్లు డబ్బు తీసుకుని గ్యాస్ నింపారు. ఇప్పుడేమో కండెన్సర్‌కు రాయి తగిలి చిల్లు పడింది, దానికి వారంటీ లేదు, మార్చాలంటే 16 వేలవుతుంది అంటున్నారు. మధ్యలో ఒకసారి బయటి మెకానిక్‌తో కండెన్సర్ కడిగించాను. దానివల్ల కూడా వారంటీ పోయిందట. వినియోగదారుల కోర్టుకు వెళ్లొచ్చా? కారే మార్చి ఇమ్మని అడగొచ్చా?

జవాబు: కోర్టుకు వెళ్లొచ్చు. కానీ ఈలోగా ఆ పాత కండెన్సర్‌ను పోగొట్టుకోకండి. కార్ల కేసుల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. న్యాయం కొన్నవాళ్ల వైపే ఉంటుంది, చూపించడానికి మాత్రం వస్తువు మిగలదు. కొత్తది బిగించి పాతది తుక్కులో వేశాక, రాయి తగిలిందా, తయారీలోనే లోపముందా అన్నది ఎవరూ తేల్చలేరు.

కండెన్సర్ గ్రిల్ వెనకాల, రేడియేటర్‌కు ముందు ఉంటుంది. కంప్రెసర్ నుంచి వేడిగా, ఎక్కువ ఒత్తిడితో వచ్చే గ్యాస్ అందులోని సన్నటి అల్యూమినియం గొట్టాల్లో తిరుగుతూ ఎదురుగాలికి చల్లబడి ద్రవంగా మారుతుంది. ముందు వరుసలో ఉండటంతో లారీ చక్రాల నుంచి ఎగిరే కంకర దానికే తగులుతుంది. కాబట్టి సర్వీస్ సెంటర్ వాళ్లు అబద్ధమాడుతున్నారని ముందే అనుకోకండి. వారంటీ పుస్తకాలు సాధారణంగా తయారీ లోపాలకే హామీ ఇస్తాయి, బయటి దెబ్బలను మినహాయిస్తాయి.

అయితే ఆ తేడా కంటికి కనిపిస్తుంది. రాయి తగిలితే ముందువైపు సొట్ట పడుతుంది, దాని చుట్టూ పలుచటి రేకులు వంగిపోతాయి. రేకులన్నీ సాఫీగా ఉండి, పైపు అతుకు దగ్గరో చివరి అంచునో లీకైతే తయారీ లోపాన్ని అనుమానించాల్సిందే. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కారుతుంది కనుక లీకైన చోట దుమ్ము పట్టిన జిడ్డు మరక ఉంటుంది. అక్కడ దగ్గర నుంచి ఫొటోలు తీసుకోండి. చిల్లు ఎక్కడుంది, ఏ పరీక్షతో కనిపెట్టారు, రాయి దెబ్బ అని ఎలా చెబుతున్నారు, ఇవన్నీ జాబ్ కార్డు (సర్వీస్ సెంటర్ వాళ్లు కారు పని వివరాలు రాసే కాగితం) మీద రాసి సంతకం చేయమనండి. నోటిమాటకు విలువ లేదు.

నా దృష్టిలో మీ కేసులో అన్నిటికన్నా గట్టి అంశం గ్యాస్ నింపడం. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయిపోయేది కాదు, మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతుంది. ఏళ్ల తరబడి రబ్బరు గొట్టాల్లోంచి కొద్దిగా తగ్గొచ్చు గానీ, ఏడాదిలో రెండుసార్లు నింపాల్సి వచ్చిందంటే ఎక్కడో లీకుంది. అది వెతకకుండా నింపి బిల్లు వేయడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(11) కింద సేవాలోపమని వాదించొచ్చు. రాయే తగిలిందని తేలినా ఈ వాదన నిలుస్తుంది. ఆ రెండు బిల్లుల సొమ్ము, పరిహారం అడగండి. ఆ జాబ్ కార్డుల్లో లీక్ పరీక్ష చేసినట్టు ఎక్కడైనా ఉందేమో చూడండి.

బయట కడిగించినంత మాత్రాన వారంటీ మొత్తం పోయిందనడం సరికాదు. బయటి గ్యారేజీకి వెళ్తే వారంటీ రద్దవుతుందన్న గంపగుత్త షరతు పెట్టరాదని, అక్కడి తప్పుడు పని వల్ల జరిగిన నష్టం మేరకే వారంటీ నిరాకరించవచ్చని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీ సక్రమంగా ఉండేలా చూసే సంస్థ) కార్ల కంపెనీలకు ఆదేశమిచ్చింది. ఆ ఉత్తర్వుపై అప్పీళ్లు నడిచాయి, కాబట్టి దాన్ని మీ వాదనకు బలంగా వాడండి, దానిమీదే ఆధారపడొద్దు. మెకానిక్ మామూలు నీళ్లతో కడిగితే ఇబ్బంది లేదు. వేసవికి ముందు అలా దుమ్ము, పురుగులు పోగొట్టడం మంచిదే. ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే మాత్రం రేకులు ముడుచుకుపోయి గాలి ఆగిపోతుంది, అప్పుడు కంపెనీ మాటకు బలం వస్తుంది.

కారు మార్చి ఇమ్మనే కోరిక వదిలేయండి. లోపమున్న భాగాన్ని మార్చుతామని వారంటీ చెబుతున్నప్పుడు మొత్తం కారు మార్చమనలేమని 2006లోనే సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది. అతిగా అడిగితే అసలు ఫిర్యాదు పలచబడుతుంది.

రాయి దెబ్బేనని జాబ్ కార్డులో రాసిస్తే, ఆ కాగితం బీమా క్లెయిమ్‌కు పనికొస్తుంది. సమగ్ర పాలసీ బయటి దెబ్బలకు వర్తిస్తుంది, అరుగుదలకు, యాంత్రిక వైఫల్యానికి వర్తించదు. రిపేరుకు ముందే బీమా కంపెనీకి తెలిపి, నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్‌ను పిలిపించాలి. జీరో డిప్రిసియేషన్ (కారు వయసును బట్టి కోత పడకుండా తీసుకునే అదనపు కవర్) లేకపోతే రెండు నుంచి మూడేళ్ల కారుకు లోహ భాగాల మీద 15 శాతం కోస్తారు, 1500 సీసీ లోపు కారుకు ఇంకో 1000 రూపాయలు మీరే భరించాలి. క్లెయిమ్ తీసుకుంటే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. రెండేళ్లు క్లెయిమ్ లేకుంటే అది సొంత నష్టం ప్రీమియంలో (మీ కారుకు జరిగే నష్టం కోసం కట్టే భాగంలో) 25 శాతం. లెక్క వేసుకుని నిర్ణయించుకోండి.

ఇక ఫిర్యాదు. షోరూమ్‌కు, తయారీ కంపెనీకి ఇద్దరికీ ఈమెయిల్, స్పీడ్ పోస్టు పంపి 15 రోజుల గడువివ్వండి. ఆలోపు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి, కొన్ని వివాదాలు అక్కడే తేలిపోతాయి. లేదంటే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి నల్గొండలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో (మీరన్న వినియోగదారుల కోర్టు ఇదే) వేయండి. కారు హైదరాబాద్‌లో కొన్నా, మీరు నివసించే చోట వేసే హక్కు సెక్షన్ 34 ఇచ్చింది. కారుకు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదు రుసుము లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. లోపాన్ని పరీక్షతోనే తేల్చాల్సి వస్తే కమిషన్ ఆ భాగాన్ని ల్యాబ్‌కు పంపగలదు, ఖర్చు ముందుగా మీరు కట్టాల్సి రావొచ్చు.

ఈ ఎండల్లో ఏసీ లేకుండా ఉండలేక ఇప్పుడే డబ్బు కట్టి మార్పించుకున్నా మీ హక్కు పోదు. అయితే కట్టేముందు, ‘వారంటీ నిరాకరణను అంగీకరించకుండా, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని షోరూమ్‌కు ఒక ఈమెయిల్ పంపండి.