పార్కిన్సన్స్ ఎంత ముదిరిందో తెలుసుకోవడానికి ఏటా స్కాన్ తీయించాలా?

మీ నాన్నగారికి పార్కిన్సన్స్ అని తేలి రెండేళ్లయిందనీ, జబ్బు ఎంత ముదిరిందో చూడడానికి ఏటా మెదడు స్కాన్ తీయించాలా అనీ అడిగారు. కర్నూలులో మా నాన్నగారిని ఇదే జబ్బుతో కొన్నేళ్లుగా చూసుకుంటున్నాను. నా అభిప్రాయంలో ఆ ఖర్చు మందులకూ ఫిజియోథెరపీకీ పెట్టడమే మేలు.

మామూలు ఎం.ఆర్.ఐ.లో ఈ జబ్బు సాధారణంగా కనిపించదు. పక్షవాతం, గడ్డ, నీరు చేరడం వంటివి లేవని తేల్చుకోవడానికే దాన్ని తీయిస్తారు. కదలికలను నడిపే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు ఈ జబ్బులో దెబ్బతింటాయి. ఆ నష్టం తెలిసేది ట్రోడాట్ స్పెక్ట్, ఎఫ్-డోపా పెట్ వంటి స్కాన్లలో. మా నాన్నగారి కుడిచేతి వణుకు ఎసెన్షియల్ ట్రెమర్ (పార్కిన్సన్స్ కాకుండా చేతులు వణికించే మరో జబ్బు) కావచ్చుననే అనుమానంతో డాక్టరుగారు హైదరాబాదులో ట్రోడాట్ చేయించమన్నారు. ఆరోగ్యవంతుల మెదడులో రెండు వైపులా కామాల్లా వెలిగే భాగాల్లో, ఆయనకు ఎడమవైపుది తోక పోయి చుక్కలా మిగిలింది. దాంతో సందేహం తీరింది.

జబ్బు నిర్ధారణకు అంతగా ఉపయోగపడిన స్కాన్, ముదిరే తీరును కొలవడానికి అంతగా పనికిరాదు. వణుకు బయటపడే నాటికే నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. మరికొన్నేళ్లకు ఆ భాగంలో తగ్గడానికి పెద్దగా ఏమీ మిగలదు, లక్షణాలు మాత్రం పెరుగుతూనే ఉంటాయి. పైగా 2004లో వెలువడిన ఎల్‌డోపా అనే అధ్యయనంలో, లెవోడోపా (మెదడులో డోపమిన్‌గా మారే, ఈ జబ్బుకు ప్రధానమైన మందు) వాడినవారి లక్షణాలు వాడనివారికన్నా మెరుగ్గా ఉండగా, స్కాన్‌లో మాత్రం మందు వాడినవారికే ఎక్కువ తగ్గుదల కనిపించింది. 2010లో మొదలైన పి.పి.ఎం.ఐ. (పార్కిన్సన్స్ ముదిరే తీరును ఏళ్ల తరబడి గమనించే పెద్ద అధ్యయనం) వంటి పరిశోధనల్లో స్కాన్లు మళ్లీ మళ్లీ తీస్తారన్నది నిజమే, కానీ అక్కడ చూసేది వందలాది మంది సగటును.

మా న్యూరాలజిస్టు నమ్మేది వేళ్లు తాటించడం, కుర్చీలోంచి లేవడం, నడక వంటి పరీక్షలను, ఆ తర్వాత మా నోటుబుక్కును. అందులో నాన్నగారు నెలకోసారి ఒకే వాక్యం రాస్తారు. పెద్దగా మొదలైన అక్షరాలు చివరికొచ్చేసరికి చీమల్లా సన్నబడతాయి. మాత్ర వేసిన వేళ, పని చేయడం మొదలైన వేళ, కాళ్లు నేలకు అతుక్కుపోయినట్లు ఆగిన వేళ నేను రాస్తాను. రెండో మాత్రకు ముందే మందు ప్రభావం తగ్గిపోతోందని ఆ పేజీల్లోనే తెలిసి, డాక్టరుగారు మాత్రల మధ్య వ్యవధి తగ్గించారు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. తొలి ఏళ్లలోనే తరచుగా పడిపోతున్నా, చూపు కిందికి తిప్పలేకపోతున్నా, లెవోడోపా తగినంత వాడినా ఫలితం లేకపోయినా, అది పార్కిన్సన్స్‌ను పోలిన మరో జబ్బు కావచ్చు. అప్పుడు న్యూరాలజిస్టు మళ్లీ ఎం.ఆర్.ఐ. రాస్తే వాయిదా వేయకుండా తీయించండి.