వార్ ఫైల్‌తో పాటు పాస్‌వర్డ్ కూడా పంపేశారు

ప్రశ్న: మా కాలేజీ ఫీజుల కోసం జావాలో వెబ్ అప్లికేషన్ చేశాను. ల్యాప్‌టాప్‌లో టామ్‌క్యాట్ 9 (జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సాఫ్ట్‌వేర్) మీద బాగానే నడుస్తోంది. వార్ ఫైల్‌గా (అప్లికేషన్ మొత్తాన్ని ఒకే ఫైల్‌లో చుట్టేది) మార్చి సర్వర్‌లోని టామ్‌క్యాట్ 10 వెబ్‌యాప్స్ ఫోల్డర్‌లో వేస్తే ఏ పేజీ తెరిచినా 404 (పేజీ దొరకలేదు) వస్తోంది. ఫైల్ జత చేశాను, చూడగలరు. - ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఈ 404 గురించి రాసేవాళ్లు ఆగడం లేదు. కారణాలు మాత్రం దాదాపు ఎప్పుడూ అవే, మీ ఫైల్‌లో రెండు ఒకేసారి ఉన్నాయి.

మొదటిది, మీరు ప్రాజెక్ట్ ఫోల్డర్‌ను బయటి నుంచి జిప్ చేశారు. దాంతో వెబ్-ఇన్ఫ్ (అప్లికేషన్ కోడ్, సెట్టింగ్‌లు ఉండే ఫోల్డర్) ఇంకో ఫోల్డర్ లోపలికి వెళ్లిపోయింది. వార్ తెరవగానే అది పైనే కనిపించాలి. ఫోల్డర్ లోపలికి వెళ్లి, అక్కడున్నవన్నీ కలిపి జావాతో వచ్చే జార్ కమాండ్‌తో ప్యాక్ చేయండి. మేవెన్ అనే ప్యాకింగ్ టూల్ వాడితే ఈ తలనొప్పే ఉండదు.

రెండోది వెర్షన్ల గొడవ. మీ ల్యాప్‌టాప్‌లో టామ్‌క్యాట్ 9, సర్వర్‌లో 10 అని రాశారు. 10 నుంచి సర్వ్‌లెట్ల (పేజీ అడిగితే జవాబిచ్చే జావా కోడ్) ప్యాకేజీ పేరు జావాఎక్స్ పోయి జకార్తా అయింది. మీ కోడ్‌లో పాత పేరే ఉంది కాబట్టి కొత్త సర్వర్ మీ సర్వ్‌లెట్లను అసలు గుర్తించదు. ఎర్రర్ కూడా చూపించదు, 404 ఇచ్చి ఊరుకుంటుంది. కోడ్‌లో పేర్లు మార్చండి, లేదంటే సర్వర్‌లోనూ 9 పెట్టుకోండి. జావాఎక్స్ అనే పేరు మీద హక్కుల గురించి పెద్ద సంస్థల మధ్య ఒప్పందం కుదరకపోతే, ఏళ్ల తరబడి నడుస్తున్న కోడ్‌ను ఊరూరా ప్రోగ్రామర్లు కూర్చుని దిద్దుకోవాల్సి రావడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

404 సంగతి అంతే. నాకు టెన్షన్ పెట్టింది వేరే ఉంది.

వెబ్-ఇన్ఫ్‌లోని క్లాసెస్ ఫోల్డర్ తెరిస్తే అప్లికేషన్ ప్రాపర్టీస్ ఫైల్ కనిపించింది. అందులో డేటాబేస్ సర్వర్ అడ్రస్, యూజర్ పేరు రూట్ (అన్ని హక్కులూ ఉన్న ఖాతా), కింది వరుసలో పాస్‌వర్డ్. దాన్ని ముఖపరిచయం కూడా లేని నాకు మెయిల్ చేశారు! వార్ అంటే జిప్ ఫైలే. చివర పేరు మారిస్తే ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. ఆ డేటాబేస్‌లో ఉన్నవి పిల్లల పేర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, ఎవరు ఎంత బాకీ ఉన్నారన్న లెక్కలు.

వెబ్-ఇన్ఫ్‌ను బ్రౌజర్‌లో ఎవరూ తెరవలేరు కదా అనకండి. నిజమే, టామ్‌క్యాట్ దాన్ని అడ్డుకుంటుంది. కానీ పాత వార్‌ను బ్యాకప్ పేరుతో వెబ్‌యాప్స్‌లోని రూట్ అనే అప్లికేషన్ ఫోల్డర్‌లో పడేస్తే, లింక్ ఊహించగలిగిన ఎవరైనా మొత్తం ఫైల్‌నే డౌన్‌లోడ్ చేసుకుంటారు. పాస్‌వర్డ్ వార్‌లో ఉండకూడదు. సర్వర్‌లోనే, టామ్‌క్యాట్ కాన్ఫ్ ఫోల్డర్‌లోని కాంటెక్స్ట్ ఫైల్‌లో డేటాబేస్ వివరాలు ఇచ్చి, అప్లికేషన్ అక్కడి నుంచి తీసుకునేలా చేయండి. రూట్ బదులు ఆ ఒక్క డేటాబేస్‌కే పరిమితమైన యూజర్‌ను సృష్టించండి. ప్యాక్ చేసే టూల్స్ మీద కూడా నాకు కోపమే. ఒక్క జార్ (అప్లికేషన్ వాడుకునే లైబ్రరీ ఫైల్) తగ్గితే గోల చేస్తాయి, పాస్‌వర్డ్ లోపలికి పోతుంటే మాత్రం ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వవు.

లిబ్ ఫోల్డర్‌లో లాగ్‌ఫోర్‌జే (లాగ్‌లు రాసే జావా లైబ్రరీ) 2.14.1 కూడా ఉంది. 2021 డిసెంబర్‌లో ప్రపంచాన్ని వణికించిన భద్రతా లోపం ఉన్న వెర్షన్ అది. సర్వర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఎన్నిసార్లు అప్‌డేట్ చేసినా వార్ లోపలి జార్ మారదు. మీరే కొత్త వెర్షన్ పెట్టి మళ్లీ ప్యాక్ చేయాలి.

మీ ఫైల్ నా దగ్గర తొలగించాను. కానీ మీ సెంట్ మెయిల్‌లో కాపీ ఉండే ఉంటుంది, ఇంకా ఎవరెవరికి పంపారో మీకే తెలియాలి. కాబట్టి ముందు డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చండి. 404 రేపు చూసుకోవచ్చు.