శాలూరం, సాలూరు, చెట్టెక్కని కప్ప

ప్రశ్న: మాది సాలూరు. విజయనగరంలో ఒక హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. పిల్లల గోడపత్రిక కోసం 'మైక్రోహైలా' అనే చిట్టి కప్పల ప్రజాతికి 'సూక్ష్మ వృక్షమండూక జాతి' అని తెలుగు చేశాను. సరేనా? ఇంకో చిన్న సందేహం. సంస్కృతంలో శాలూరం అంటే కప్ప అట. మా ఊరి పేరు దాన్నుంచే వచ్చిందని, అసలు రూపం 'శాలూరు' అని మా తెలుగు మాస్టారు అంటున్నారు. బొబ్బిలికి పులి ఉన్నప్పుడు మాకు కప్ప ఉంటే తప్పేంటని ఆయన వాదన.
— ఒక ఉపాధ్యాయుడు, విజయనగరం

సమాధానం: మీరు చిన్నదన్నదే పెద్ద సందేహం మాస్టారూ. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీ గోడపత్రిక సంగతి.

మీ పేరులో ఒక్క మాటా నిలబడదు. సూక్ష్మం అంటే కంటికి ఆననిది. ఈ కప్ప రెండు సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది, చక్కగా కనిపిస్తుంది. 'జాతి' అన్నారు, కానీ మీ పాఠ్యపుస్తకాల్లోనే ప్రజాతి (జీనస్) వేరు, జాతి (స్పీషీస్) వేరు. ఉత్తరంలో సరిగ్గా రాసి పేరులో జారిపోయారు. పేపర్ల వాళ్లు పురుగు నుంచి ఏనుగు దాకా అన్నిటికీ 'జాతి' తగిలిస్తారు, వాళ్లనేమీ అనలేం. మీరు సైన్సు మాస్టారు. ఇక 'మండూకం' ఎందుకు? కప్ప అంటే పిల్లలకు అర్థం కాదనా? కన్నడంలో కప్పె, మనకు కప్ప. తాళం కప్ప వేరే సంగతి, దాన్ని వదిలేద్దాం.

అసలు చిక్కు 'వృక్షం' దగ్గరుంది. 1768లో లారెంటి చెట్టుకప్పలకు 'హైలా' అని పేరు పెట్టాడు. 1838లో చూడీ అనే స్విట్జర్లాండు పండితుడు జావా కప్ప ఒకదాన్ని చూసి, ముందు 'మైక్రో' చేర్చి కొత్త ప్రజాతి కట్టాడు. మాటకు మాట పెడితే చిన్న హైలా అవుతుంది. కానీ ఇది చెట్టుకప్పల కుటుంబం కాదు. సన్ననోటి కప్పల కుటుంబం వేరు. దానికి గుంథర్ పేరు పెట్టింది 1858లో, మన బాలవ్యాకరణం వచ్చిన ఏడాదే. ఇక మన పొలాల్లో ఉండే 'మైక్రోహైలా ఒర్నాటా'ను 1841లో దుమెరిల్, బిబ్రోన్ వేరే ప్రజాతిలో వేశారు. తర్వాత అది ఇక్కడికి గెంతింది. చైనా నుంచి ఒకినావా దాకా ఉన్న దీని చుట్టాలను కూడా చాలాకాలం ఇదే పేరుతో పిలిచారు. 2005లో వాటిని విడదీశాక మన దక్షిణాసియా కప్పకే ఆ పేరు మిగిలింది. పాణిని సూత్రాల్లో ఒక పదం మధ్య సూత్రాలను వదిలేసి దూరంగా ఉన్నదానిలోకి దూకితే మండూకప్లుతి అంటారు. కప్పల పేర్లకే అది బాగా అతికింది.

పోయిన ఆషాఢంలో మా పెరట్లో టార్చి వేసుకుని వెతికాను. కిర్రు కిర్రుమని చెవులు చిల్లులు పడే అరుపు. తీరా చూస్తే కొబ్బరిమట్ట కింద బొటనవేలి కొసంత ప్రాణి! కోసుగా మూతి, బొజ్జ, వీపు మీద ముదురు గోధుమరంగులో అంచులు వంపులు తిరిగిన మచ్చ. ఒర్నాటా అంటే అలంకరించుకున్నది అని. ముగ్గు పెట్టినట్టే ఉంది. పక్కనే చెదలు లేచాయి, దాని భోజనం అదే. చెట్టు వైపు అది కన్నెత్తి కూడా చూడలేదు.

ఇక శాలూరం. అమరకోశంలో "భేకే మండూక వర్షాభూ శాలూర ప్లవ దర్దురాః" అని వరుస. ప్లవం గెంతేది, వర్షాభువు వానకు పుట్టేది. ఆ రెండింటికీ అర్థం పైనే తేలుతుంది. శాలూరం అలా తేలదు. అదే వర్గంలో కలువదుంపకు 'శాలూకం' అన్నాడు అమరుడు. ఒకటి బురదలో దుంప, ఒకటి బురదలో కప్ప. ఒక్క అక్షరం తేడా. ఈ రెండూ ఒకే మూలం నుంచి మొలిచాయని నాకు ముప్పై ఏళ్లుగా అనుమానం. రుజువు చెయ్యమంటే చెయ్యలేను. కంచెర్ల గోపన్న దాశరథీ శతకంలో కప్పను తామర పక్కనే ఉంచి, తేనె రుచి మాత్రం తుమ్మెదకే ఇచ్చాడు. ఆ పద్యం చదివినప్పుడల్లా నాకు ఈ దుంపే గుర్తొస్తుంది. కాళ్ల కింద దుంప ఉన్న కప్పకు పైన పువ్వు గొడవెందుకు?

మీ తెలుగు మాస్టారి వాదన నాకు ముచ్చటగానే ఉంది. వేగావతి ఒడ్డున వానాకాలం కప్పలకేం కరువు? కానీ శాలూరంలో 'ఊర' ఆ పదంలో భాగమే, విడిగా ఊరు కాదు. సాలూరులో ఉన్నది మన తెలుగు 'ఊరు' మాటే. ముందు భాగం ఏమిటన్నదే తేలాలి. సాలె వాళ్ల ఊరు కావచ్చు. ఆ కొండల్లో సాలవృక్షాలున్నాయి గనుక ఆ చెట్టూ కావచ్చు. నాకు మాత్రం సాలు మీదే మనసు. నాగలి చాలును మన రైతులు సాలు అంటారు. సాలు, ఊరు కలిస్తే సంధి ఇట్టే కుదురుతుంది. సంధి కుదిరినంత మాత్రాన చరిత్ర కుదరదు. పాత దస్తావేజుల్లో ఊరి పేరు ఎలా రాశారో చూసేదాకా నేను గట్టిగా చెప్పను. బొబ్బిలి పులి కూడా జనం చెప్పుకునే కథే, 'పెబ్బులి' నుంచి వచ్చిందంటారు. దాన్ని చూపించి మీ కప్పకు సీటు అడగడం ఏం న్యాయం?

గోడపత్రికలో ప్రజాతికి మైక్రోహైలా అనే ఉంచండి. మన పొలాల కప్పను 'ముగ్గుకప్ప' అంటే నాకు అభ్యంతరం లేదు. అంతకన్నా ముందు పిల్లల్ని పంపి, ఊడుపుల్లో ఉన్న ఆడవాళ్లు దాన్ని ఏమంటారో అడిగించండి. గిడుగు రామమూర్తి సవర మాటలను సవరల నోట విని రాసుకున్నారు గానీ, ఇంట్లో కూర్చుని సంధులు కలపలేదు. వాళ్ల దగ్గర మంచి పేరుంటే నాదాన్ని కొట్టేయండి.

'శాలూరు' అని మాత్రం ఎక్కడా రాయించకండి. సాలూరు లారీలు దేశమంతా తిరుగుతున్నాయి, వాటన్నిటి మీదా 'సా' దిద్దడం ఎవరివల్ల అవుతుంది?