నక్షత్ర చేపల మీద రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. ముళ్ల కిరీటం నక్షత్ర చేప తన పొట్టను నోట్లోంచి బయటికి తీసి, పగడం మీద పరిచి అక్కడే జీర్ణం చేసుకునే తీరు కళ్లకు కట్టింది. ఇబ్బందంతా రెండో పేరాతోనే. వరదలు మోసుకొచ్చిన ఎరువుల వల్లే ఇవి విజృంభిస్తున్నాయని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అది ఒక సిద్ధాంతం మాత్రమే. దాన్ని ఏ పరిశీలన నిలబెడుతుందో, ఏది పడగొడుతుందో చదివేవాళ్లకు తెలియాలి.

ఆస్ట్రేలియా తీరంలోని పగడపు దిబ్బల వరుస గ్రేట్ బ్యారియర్ రీఫ్‌నే తీసుకో. 1962, 1979, 1993, 2010 ప్రాంతాల్లో నాలుగు విజృంభణలు నమోదయ్యాయి. ఎరువులకు నీటిలో సూక్ష్మమైన నాచు పెరిగితే, దాన్ని తినే లార్వాలు, అంటే గుడ్లలోంచి వచ్చి నీటిలో తేలే పిల్లలు, ఎక్కువ బతుకుతాయని ప్రయోగశాల తొట్టెల్లో తేలింది. సముద్రంలో మాత్రం ఈ మాటకు తేదీలు కుదరాలి. అక్కడ ఇవి ఎక్కువగా డిసెంబరు, జనవరిల్లో గుడ్లు పెడతాయి. లార్వాలు నీటిలో తేలేది కొన్ని వారాలే. ఏప్రిల్‌లో వచ్చిన వరద ఎంత పెద్దదైనా ఆ ఏటి లార్వాలకు అందదు. కాబట్టి వరద ఏ ఏడాది వచ్చిందో చెబితే చాలదు, ఏ వారం వచ్చిందో చూడాలి. విజృంభణకు ముందొచ్చిన వరదలతో పాటు, విజృంభణ రాకుండానే పోయిన వరదలనూ ఏరి రాయి. చాలామంది వదిలేసేది ఈ రెండో జాబితానే.

ఇంకో చిక్కుంది. వరద వచ్చిన సుమారు మూడేళ్లకు పెద్ద నక్షత్రాలు కనిపిస్తాయన్నది పాత లెక్క. పిల్ల నక్షత్రాలు మొదట రాళ్లమీది ఎర్ర నాచు తింటాయి, తర్వాత పగడానికి మారతాయి. పగడం దొరక్కపోతే ఆరేళ్లకు పైగా నాచు మీదే చిన్నవిగా ఉండిపోగలవని 2020లో తేలింది. అంటే కనిపించిన నక్షత్రం పరిమాణం చూసి వయసు చెప్పలేం, వయసు తెలియకుండా దాన్ని ఫలానా వరదకు ముడిపెట్టలేం. ఈ ఒక్క సంగతికి నీ వ్యాసంలో ఒక పూర్తి పేరా ఇవ్వు.

విజృంభణలు ఎక్కువగా ఉత్తరాన కెయిర్న్స్ నగరం, లిజార్డ్ దీవి మధ్య మొదలై, ప్రవాహాలతో లార్వాలు దక్షిణానికి పోవడం వల్ల వ్యాపిస్తాయి. అందుచేత దక్షిణాన వంద దిబ్బలు దెబ్బతింటే అవి వరద సిద్ధాంతానికి వంద సాక్ష్యాలు కావు. పైనుంచి వచ్చిన ఒకే అల వాటన్నిటినీ తాకి ఉండొచ్చు. మొదలైన చోటు లెక్క వేరు, పాకిన చోటు లెక్క వేరు.

చేపలు పట్టడం వల్ల నక్షత్రాలను అదుపులో ఉంచే జీవులు తగ్గి ఇవి పెరుగుతున్నాయనే వేట సిద్ధాంతాన్ని ఒక్క ముక్కలో కొట్టిపారేశావు, అది అన్యాయం. 2008లో వచ్చిన అధ్యయనం ప్రకారం తీరానికీ లోతు సముద్రానికీ నడుమనున్న మధ్య భాగంలో, చేపలు పట్టే దిబ్బల మీద విజృంభణలు, పట్టడం నిషేధించిన వాటికంటే 3.75 రెట్లు ఎక్కువ. ఈ తేడా ఎందుకొచ్చిందో వెతుకు. పట్టుబడే చేపలు పెద్ద నక్షత్రాలను నేరుగా తినేవి కాకపోవచ్చు. పిల్ల నక్షత్రాలను తినే చిన్న జీవుల గొలుసు మారి ఉండొచ్చు. తెగి మళ్లీ మొలుస్తున్న చేతులున్న నక్షత్రాలు రెండు రకాల దిబ్బల మీదా ఎన్నెన్ని ఉన్నాయో చూస్తే, కొరికే జీవి ఉందో లేదో కొంత తెలుస్తుంది.

సంఖ్యలు ఎలా వచ్చాయో కూడా రాయాలి. పడవ వెనక పలక పట్టుకున్న పరిశీలకుణ్ణి రెండేసి నిమిషాలు దిబ్బ అంచు వెంబడి లాగుతారు. ఆగిన ప్రతిసారీ నక్షత్రాలు ఎన్ని, బతికిన పగడం ఎంత, తిన్న మచ్చలు ఎన్ని అని రాసుకుంటారు. ఒక్కో లాగుడుకు సగటున 0.22 నక్షత్రాలు దాటితే విజృంభణ మొదలవుతోందని, 1 దాటితే అది జోరుగా ఉందని అక్కడి లెక్క. పగలు పగుళ్లలో దాగే చిన్నవి ఈ పద్ధతికి దొరకవు. కాబట్టి సున్నా అని ఉంటే అక్కడేమీ లేవని రాయకు, కనిపించలేదని రాయి. తెల్లటి మచ్చల విషయంలోనూ తొందరపడకు. వేడికి తెల్లబడ్డ పగడం మీద పల్చటి కణజాలం ఇంకా ఉంటుంది, నక్షత్రం తిన్నచోట ఉత్త అస్థిపంజరమే మిగులుతుంది. ద్రుపెల్లా నత్తలు తిన్నా అలాగే ఉంటుంది కనుక, దగ్గర్లో ఏ జీవి ఉందో చూసి గానీ మచ్చను ఎవరి ఖాతాలోనూ వేయకూడదు.

ముందు ఒక పట్టిక వేసుకో: ఒక్కో సిద్ధాంతానికి ఎదురుగా, అది నిజమైతే ఎక్కడ, ఎప్పుడు, ఏం కనబడాలో రాసి పంపు. రెండో పేరా సంగతి ఆ తర్వాత చూద్దాం.