ఎత్తు పెంచిన బండికి వణుకెందుకు?

ప్రశ్న: పాత పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ బండికి కమాన్ కట్టలు మార్చి 3 అంగుళాలు లేపాను. అప్పట్నుంచి వేగం 60 దాటితే సీటు కింద వణుకు. యాక్సిలరేటర్ వదిలితే వణుకు తీరు మారుతోంది. చక్రాలు బ్యాలెన్స్ చేయించినా తగ్గలేదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజన్ శక్తిని వెనక యాక్సిల్‌కి చేర్చే గొట్టం) కొత్తది వేయించాలా?

జవాబు: ఇప్పుడే కొనకండి. యాక్సిలరేటర్ వదలగానే తీరు మారుతోందంటే ముందు అనుమానించాల్సింది పినియన్ కోణాన్ని, అంటే షాఫ్ట్ వచ్చి తగిలే వెనక యాక్సిల్ గేరు వాలుని. షాఫ్ట్ చివర వంగి తిరిగే యూనివర్సల్ జాయింటు వల్ల షాఫ్ట్ ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం పుంజుకుంటుంది, రెండుసార్లు మందగిస్తుంది. రెండో చివరి జాయింటు కూడా అంతే కోణంలో ఉంటే ఆ హెచ్చుతగ్గులు చెల్లుకు చెల్లు. బండి లేపినప్పుడు ఆ సమానత్వం పోతుంది.

ముందు ఖర్చులేని పరీక్ష. షాఫ్ట్ రెండు చివర్ల యోక్ (జాయింటును పట్టుకునే కవ్వం) చెవులూ ఒకే వరుసలో ఉన్నాయా? కమాన్లు మార్చేటప్పుడు స్లిప్ జాయింటు (షాఫ్ట్ పొడవు మారేలా పళ్ల మీద జారే భాగం) ఊడివచ్చి, తిరిగి ఎక్కించేటప్పుడు ఒకటి రెండు పళ్లు తప్పి కూర్చోవడం మామూలే. విప్పే ముందు పంచ్‌తో గుర్తు కొట్టుకోమనేది అందుకే.

అది బాగానే ఉంటే కొలతకు దిగండి. చదును నేల మీద, బండి బరువు చక్రాల మీదే ఉండాలి. యాక్సిల్ వేలాడుతుండగా తీసిన కొలత దండగ. యాంగిల్ గేజ్‌ను ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిళ్లకు శక్తి పంచే గేర్ల పెట్టె) అవుట్‌పుట్ మీద, షాఫ్ట్ గొట్టం మీద, పినియన్ యోక్ మీద పెట్టి చూడండి. అవుట్‌పుట్ వెనక్కి 4 డిగ్రీలు, షాఫ్ట్ 12, పినియన్ 1 డిగ్రీ వాలి ఉన్నాయనుకుందాం. ముందు జాయింటు కోణం 12లో 4 తీసేస్తే 8. వెనకది 12లో 1 తీసేస్తే 11. తేడా 3 డిగ్రీలు. ఇది 1 డిగ్రీ మించకూడదు. లెక్క ప్రకారం పినియన్ ముక్కును 3 డిగ్రీలు లేపాలి, కానీ 2 దగ్గర ఆగండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కమాన్ మెలిపడి ముక్కు తనంతట తానే ఇంకాస్త లేస్తుంది. షాఫ్ట్ పైచివర డబుల్ కార్డన్ జాయింటు (పక్కపక్కనే రెండు యూనివర్సల్ జాయింట్లు కలిపినది) ఉంటే మాత్రం ఈ లెక్క చెల్లదు. అప్పుడు పినియన్ షాఫ్ట్ వరుసలోనే, 1–2 డిగ్రీలు కిందికి ఉండాలి.

ముక్కు లేపడానికి కమాన్‌కీ యాక్సిల్‌కీ మధ్య ఏటవాలు షిమ్‌లు (పలుచటి లోహపు చీలికలు) వాడతారు. కమాన్ యాక్సిల్‌కి పైన ఉంటే మందపు అంచు వెనక్కి, కింద ఉంటే ముందుకి. ఇది తిరగబడిందా, తేడా 3 నుంచి 5కి పోతుంది! ఉక్కువే తీసుకోండి. అల్యూమినియంవి నలిగి, పగిలి, యూ-బోల్టుల బిగువు వదిలిపోతుంది. షిమ్ వేశాక కూడా కమాన్ పట్టీలను కలిపి ఉంచే సెంటర్ బోల్టు తల యాక్సిల్ మీది గుంటలో దిగాలి. దిగకపోతే పొడుగు తల బోల్టు వేయండి. యూ-బోల్టులు కొత్తవి వేసి, 100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ టార్క్ పట్టండి. చివరగా యాక్సిల్‌ను పూర్తిగా కిందికి వేలాడనిచ్చి, బ్రేకు హోసు లాగేస్తోందా, స్లిప్ జాయింటు పళ్ల భాగం (స్ప్లైన్) ఊడిపోయేంత బయటికి వస్తోందా చూడండి.

ప్రశ్న: షాక్ అబ్జార్బర్ కోసం 6 మి.మీ. ప్లేటుతో బ్రాకెట్ చేసి 3 మి.మీ. ఛాసిస్‌కు వెల్డ్ చేశాను. వెల్డ్ చెక్కుచెదరలేదు, దాని పక్కనే ఛాసిస్ పగిలింది. ఇంకా లావుగా వెల్డ్ వేయాలా?

జవాబు: వేస్తే పగులు ఇంకో అంగుళం పక్కకు జరుగుతుంది, అంతే. ఛాసిస్ పట్టీకి అడ్డంగా నిలువు గీతలా పడిన వెల్డ్ దగ్గర వంపు ఒత్తిడంతా పోగవుతుంది. వేడి తిన్న లోహం అక్కడే లొంగుతుంది. పగులు రెండు కొసల్లోనూ చిన్న రంధ్రం వేసి ఆపండి. పగులును వి-ఆకారంలో గ్రైండ్ చేసి, లోపలిదాకా నింపి, చదును చేయండి. దానిమీద ఛాసిస్ మందమే ఉన్న ప్లేటును డైమండ్ ఆకారంలో కోసి అతికించి, బ్రాకెట్‌ను ఆ ప్లేటుకు పట్టించండి. వీలైతే పట్టీ పై, కింది అంచుల మీద వెల్డ్ పడనివ్వకండి. హీట్ ట్రీట్‌మెంట్ చేసిన ఛాసిస్ అయితే అసలు వెల్డింగ్ జోలికే పోవద్దు, బోల్టులే గతి.

బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. ఎర్త్ క్లాంపును పని జరిగే చోటుకి దగ్గర్లో పెట్టండి, లేకుంటే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని తినేస్తుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట మాత్రం వెల్డింగ్ ముట్టించవద్దు. వేడికి అది ఫాస్జీన్ అనే ప్రాణాంతక వాయువుగా మారుతుంది. డబ్బా మీద రాసింది చదవండి.

ప్రశ్న: వాగు దాటిన మర్నాడు డిఫరెన్షియల్ ఆయిల్ పాలలా తెల్లగా ఉంది. సీలు పోయిందా?

జవాబు: కావచ్చు, కానీ ముందు బ్రీతర్ (హౌసింగ్‌కి గాలి ఆడేందుకు పెట్టిన చిన్న రంధ్రం) చూడండి. వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలో మునగగానే లోపలి గాలి కుంచించుకుని, బ్రీతర్ గుండానో సీలు పెదవి గుండానో నీటిని పీలుస్తుంది. బ్రీతర్‌కు గొట్టం తగిలించి ఇంజన్ గదిలో వీలైనంత పైకి తీసుకుపోండి. పాత ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే వంచేసి, కొత్తది పోసి, కాస్త తిప్పి, దాన్నీ వంచేసి మళ్లీ నింపండి. డిఫరెన్షియల్‌లో ఉండే హైపాయిడ్ గేర్లకు జీఎల్-5 రకం గేర్ ఆయిల్ తప్పనిసరి. మిగిలిన ఆయిల్‌ను గేర్‌బాక్సులో పోయకండి, జీఎల్-4 అడిగే బాక్సుల్లో ఇత్తడి సింక్రో రింగులు (గేర్లు సాఫీగా పడేలా చేసేవి) దానివల్ల దెబ్బతినవచ్చు.