గ్లాసు మంచినీళ్ళను అచ్చులో ఎక్కడ పెట్టాలి?

ఈ నెల ఉత్తరాలలో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. వేదిక మీద ఒంటరిగా నిలబడి నవ్వించే స్టాండప్ కమెడియన్ పుస్తకం రాయగలడా, రాస్తే రచయితగా నిలబడగలడా అన్నది ఆ విషయం. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా దానికే కేటాయించాను.

ప్రశ్న: ఐదేళ్ళుగా శనివారాలు బస్సెక్కి చెన్నైకో బెంగళూరుకో వెళ్ళి స్టాండప్ కామెడీ చేస్తున్నాను. గంటసేపటికి సరిపడా సరుకు ఉంది. దర్శనం టికెట్ల కోసం బంధువులు చేసే ఫోన్ల గురించి నేను చెప్పే భాగానికి ఏ ఊళ్ళోనైనా నవ్వుతారు. అదంతా పుస్తకంగా తేవాలని 40 పేజీలు టైపు చేశాను. చదివిన స్నేహితులు ఒక్కరూ నవ్వలేదు. లోపం ఎక్కడుంది?
– పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: మీరు జతచేసిన పది పేజీలు రెండుసార్లు చదివాను. మీ హాస్యంలో లోపం లేదు. నోరు పలికినది టైపు చేశారు గాని, ముఖమూ చెయ్యీ మౌనమూ పలికినది టైపు చేయలేదు.

ఈ పొరపాటు నేనూ చేశాను. చాలా ఏళ్ళ క్రితం, నేను పాఠం చెప్పిన కళాశాలలో ఒక పెద్దాయన పదవీ విరమణ సభలో మాట్లాడుతూ, “మా మాస్టారు గంట కొట్టకముందు క్లాసు వదిలిపెట్టేవారు కాదు” అన్నాను. అందరూ గౌరవంగా తలలూపారు. బల్ల మీద ఉన్న గ్లాసు తీసుకుని, నిదానంగా మంచినీళ్ళు తాగి, గ్లాసు యథాస్థానంలో పెట్టి, “కొట్టిన తర్వాతా వదిలిపెట్టేవారు కాదు” అన్నాను. హాలు హాలంతా నవ్వింది, మాస్టారు అందరికంటె గట్టిగా నవ్వారు. ఆ ప్రసంగాన్నే ఉన్నదున్నట్టు అభినందన సంచికకు రాసిచ్చాను. అచ్చులో ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన అతుక్కుని కూర్చున్నాయి, చదివినవారెవరూ పెదవి కదపలేదు. నవ్వించింది నా మాట కాదని, ఆ గ్లాసు అని నాకు అప్పుడు తెలిసింది.

మరి గ్లాసును అచ్చులో ఎక్కడ పెట్టాలి? కొన్నేళ్ళ తర్వాత అదే సంగతిని ఇలా తిరగరాశాను: “గంట కొట్టకముందు మాస్టారు క్లాసు వదిలేవారు కాదు. కొట్టాక, చేతిలో సుత్తితో అటెండరు మా తలుపు దగ్గరికి వచ్చి, తాను కొట్టింది గంటేనా కాదా అన్నట్టు లోపలికి తొంగిచూసేవాడు.” వేదిక మీద ఈ అటెండరు అవసరం లేదు. కాగితం మీద ఆయనే గ్లాసు.

రెండో చిక్కు మన వాక్యానిది. తెలుగులో క్రియ చివర వస్తుంది, సంభాషణ అయితే “అని అన్నాడు” అనే తోక సాధారణంగా తగులుకుంటుంది. మీ పేజీలలో ఈ వాక్యం ఉంది: “మా మేనమామ ఫోన్ చేసి, నీ ఆరోగ్యం ఎట్టుంది, నీ ఉద్యోగం ఎట్టుంది, ఇంతకీ బ్రేక్ దర్శనం ఎట్టుంది అని అడిగాడు.” వేదిక మీద మీరు ఆ చివరి రెండు మాటలను మింగేసి ఉంటారు, మింగినా జనానికి అర్థమవుతుంది. అచ్చులో అవి మిగిలిపోయి, నవ్వబోయిన పాఠకుడి నోటికి అడ్డం పడ్డాయి. దానిని “మా మేనమామ ఫోనులో మూడు క్షేమసమాచారాలు అడుగుతాడు. నా ఆరోగ్యం, నా ఉద్యోగం, బ్రేక్ దర్శనం” అని మార్చి చూడండి. తోక పోతుంది, పేలవలసిన మాట చివరికి చేరుతుంది. మీ 40 పేజీలలో “అన్నాడు”, “అడిగింది”, “చెప్పారు” ఎన్నిసార్లు వాక్యాన్ని ముగించాయో ఎర్రసిరాతో గీత గీసుకుంటూ వెళ్ళండి. సగం మరమ్మతు అక్కడే అయిపోతుంది.

మూడోది లెక్క. నిమిషానికి నూరు మాటల చొప్పున గంట ప్రదర్శన అంటే 6,000 మాటలు. పుస్తకాలకు మామూలుగా వాడే డెమ్మీ సైజు పేజీకి 220 మాటలు పడతాయనుకున్నా అది 28 పేజీలకు మించదు. ఐదేళ్ళు చెమటోడ్చి చెక్కిన సరుకంతా ఒక పెద్దకథ పాటి నిడివి! అందువల్ల ప్రదర్శనను పుస్తకంగా మార్చడం అనే పని నిజానికి లేదు. ఉన్నది కొత్త పుస్తకం రాయడమే.

ఆ కొత్తది ఎక్కడ దొరుకుతుందో మీ పేజీలలోనే కనిపించింది. ఐదో పేజీలో, దర్శనానికి వచ్చిన చుట్టాలతో హాలు నిండిన రాత్రి మీ అవ్వ వంటింట్లో చాప పరుచుకుని పడుకునేదని ఒకే ఒక్క వాక్యం రాసి, వెంటనే బాత్రూము ముందర క్యూ గురించిన జోకులోకి దూకారు. వేదిక మీద దూకక తప్పదు, అక్కడ పది సెకన్లు నవ్వు ఆగితే జనం ఫోన్లు తీస్తారు. పుస్తకంలో అక్కడే ఆగాలి. వేకువన మూడింటికి కొండకు బయలుదేరేవాళ్ళకు నీళ్ళు కాచింది ఎవరు? ఊరంతటినీ కొండకు పంపిన ఆమె ఆ సంవత్సరం తాను కొండకు వెళ్ళిందా? ఈ ప్రశ్నలు మీ అవ్వనో, ఆమె లేకపోతే మీ అమ్మగారినో అడిగి, వచ్చిన జవాబు రాయండి. అందులో కూడా నవ్వు ఉంటుంది, కాకపోతే అది మీరు పెట్టినది కాక దానంతట అది వచ్చినదై ఉంటుంది.

చిత్తూరు వైపు పల్లెలలో మహాభారత ఉత్సవాలు జరిగేటప్పుడు పగలు హరికథ, రాత్రి వీధినాటకం పద్ధతిగా రోజుల తరబడి సాగడం మీరు చూసే ఉంటారు. హరికథ చెప్పే భాగవతార్ ద్రౌపది కష్టాన్ని సగంలో ఆపి, అత్తాకోడళ్ళ పిట్టకథ ఒకటి చెప్పి, జనం కడుపుబ్బ నవ్వుతూ ఉండగానే మళ్ళీ కురుసభలోకి లాక్కెళతారు. అసలు కథ ఉన్నందువల్ల పిట్టకథకు అంత బలం. మీ దగ్గర నలభై పేజీల పిట్టకథలు ఉన్నాయి. అసలు కథ ఏమిటో తేల్చుకోవడమే ఇప్పుడు మిగిలింది.

ప్రశ్న: హాస్యనటులు, కమెడియన్లు రాసే పుస్తకాలు పేరున్నందువల్ల అమ్ముడుపోయేవే తప్ప సాహిత్యం కావని నా అభిప్రాయం. నిజంగా రచయితలుగా నిలిచినవారు ఉన్నారా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: మీ అభిప్రాయం చాలా పుస్తకాల విషయంలో నిజమే. అయితే కొన్ని జీవితాలు ఆ మాటను నిలవనివ్వవు.

అమెరికా కమెడియన్ స్టీవ్ మార్టిన్ పదేళ్ళ వయసులో డిస్నీలాండులో గైడు పుస్తకాలు అమ్మి వినోదరంగంలో అడుగుపెట్టారు. 18 ఏళ్ళు స్టాండప్ చేశారు. అందులో పదేళ్ళు నేర్చుకోవడానికి, నాలుగేళ్ళు మెరుగుపెట్టుకోవడానికి పోగా అసలైన విజయం దక్కింది చివరి నాలుగేళ్ళే అని ఆయనే లెక్క చెప్పారు. జనం వేల సంఖ్యలో రావడం మొదలయ్యాక వెనక వరుసలకు కనబడటం కోసం తెల్లసూటు వేసుకున్నారు. అంత దూరం నుంచి కనుబొమ ఎగరేస్తే ఎవరికి కనిపిస్తుంది? సూక్ష్మమైన హాస్యం చేసే వీలు లేక, 1981లో స్టాండప్ పూర్తిగా మానేశారు. ఆ జీవితం గురించి “బార్న్ స్టాండింగ్ అప్” అనే పుస్తకం 2007లో గాని రాలేదు. మధ్యలో గడిచిన 26 ఏళ్ళూ ఆ పుస్తకానికి మేలు చేశాయని నా అభిప్రాయం. చప్పట్ల మోత చెవుల్లోంచి పూర్తిగా పోయాక రాసినట్టుంటుంది అది.

మరో కమెడియన్ ట్రెవర్ నోవా సంగతి వేరు. దక్షిణాఫ్రికాలో 1984లో నల్లజాతి తల్లికి, స్విట్జర్లాండుకు చెందిన తెల్లజాతి తండ్రికి ఆయన పుట్టారు. అటువంటి సంబంధం అప్పటి చట్టం దృష్టిలో నేరం. 2016లో వచ్చిన “బార్న్ ఎ క్రైమ్” పేరులో ఉన్నది ఆ నేరమే. వేదిక మీద తల్లి గురించి ఎన్నో చతురోక్తులు చెప్పే ఆయన, 2009లో సవతి తండ్రి ఆమెను తుపాకీతో కాల్చిన ఘటనను పుస్తకం చివర నింపాదిగా, వివరంగా రాశారు. చావు తప్పించుకుని ఆసుపత్రి మంచం మీద ఉన్న ఆ తల్లి కొడుకును నవ్వించడానికి ఒక పరాచికమాడుతుంది. ఆ మాటకు పాఠకుడు నవ్వాలో ఏడవాలో తెలియక పుస్తకం మూసి కాసేపు కూర్చుంటాడు. గంట ప్రదర్శనలో దానికి చోటు లేదు.

బ్రిటన్‌లో 1980లలో స్టాండప్‌తో పేరు తెచ్చుకున్న బెన్ ఎల్టన్ స్వీయచరిత్రతో కాక నేరుగా నవలతో మొదలుపెట్టారు. మొదటిది 1989లో వచ్చింది. 1996 నాటి “పాప్‌కార్న్” నవలకు బ్రిటన్ నేరకథా రచయితల సంఘం గోల్డ్ డాగర్ ఇచ్చింది. ఆ బహుమతి ఆయన స్టేజీ పేరుకు వచ్చినది కాదు.

ఇంత దూరం వెళ్ళనక్కరలేకుండా మన ఆదిభట్ల నారాయణదాసు గారినే తీసుకోవచ్చు. ఆయన 1864లో పుట్టారు, 1945లో కాలం చేశారు. కాలికి గజ్జె కట్టి ఒక్కడే నిలబడి వేలమందిని కూర్చోబెట్టిన ఆయన, తన హరికథలు తానే రాసుకున్నారు, “నా యెఱుక” పేరుతో స్వీయచరిత్రా రాశారు. వేదిక, కలం రెండు వేర్వేరు కులవృత్తులన్న భావన మనకు ఈమధ్య వచ్చినదే.

ప్రశ్న: వేదిక మీద చిత్తూరు యాసలో మాట్లాడతాను. పుస్తకంలో కూడా అలాగే రాయవచ్చునా?
– పాఠకురాలు, పలమనేరు

జవాబు: రాయవచ్చు. చిత్తూరు మాటతో పూర్తి పుస్తకాలు రాసి రాష్ట్రమంతటా పాఠకులను సంపాదించుకున్న నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి వంటివారు ఈ ప్రాంతంలోనే ఉన్నారు కనుక దారి కొత్తది కాదు. ఒక్క జాగ్రత్త: మీ గొంతులో “యాడికి పోతా ఉండావు” అన్న రాగం వినబడుతుంది, అచ్చులో వినబడదు. అందువల్ల ప్రతి మాటనూ ఉచ్చారణ ప్రకారం విరగ్గొట్టి రాస్తే విజయనగరం పాఠకుడు కూడబలుక్కుంటూ చదువుతాడు, అప్పటికి హాస్యం చల్లారిపోతుంది. మాటల ఎంపికలోనూ వాక్యం నడకలోనూ యాసను ఉంచి, అక్షరాల విరుపు తగ్గించండి.

ప్రశ్న: బంధువుల గురించి వేదిక మీద ఏమన్నా వాళ్ళు నవ్వి ఊరుకున్నారు. పుస్తకంలో రాస్తున్నానని తెలిసి గొడవకు వస్తున్నారు. ఇదేమి న్యాయం?
– పాఠకుడు, తిరుచానూరు

జవాబు: గంగమ్మ జాతర జరిగే ఊరి పక్కన ఉండి ఈ ప్రశ్న అడగడం విచిత్రంగా ఉంది. ఆ జాతరలో బండ వేషం వేసుకున్నవాడు వీధిలో ఎన్ని బూతులు తిట్టినా జనం దండం పెడతారు. మరునాడు అతడే చొక్కా తొడుక్కుని వచ్చి అదే మాట అంటే ఊరుకుంటారా? వేదిక మీద మైకు మీ వేషం. పుస్తకానికి వేషం ఉండదు, పైగా అది బీరువాలో ఇరవై ఏళ్ళు ఉంటుంది. పెళ్ళి చూపులకు వచ్చినవాళ్ళు దాన్ని తీసి చదువుతారు కూడా. పేర్లు, ఊర్లు, వృత్తులు మార్చండి. మార్చినా గుర్తుపట్టగలిగే మనిషికి అచ్చుకు ముందే ఆ పేజీలు చూపించండి. పరువునష్టం ఇప్పటికీ నేరమే. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను వ్యంగ్యంగా చేసిన ఆరోపణను కూడా దాని పరిధిలోకి తెస్తుంది.

ప్రశ్న: నా ప్రదర్శన వీడియో హక్కులను ఒక సంస్థకు ఇచ్చాను. ఆ విషయాలతో పుస్తకం వేసుకోవచ్చునా? ప్రచురణకర్తతో ఒప్పందంలో ఏమి చూసుకోవాలి?
– పాఠకుడు, చంద్రగిరి

జవాబు: ముందు ఆ పాత ఒప్పందం బయటికి తీయండి. వీడియో హక్కు మాత్రమే ఇచ్చారా, లేక రాతప్రతితో సహా సర్వహక్కులూ రాసిచ్చారా అన్నదానిపై అంతా ఆధారపడి ఉంటుంది. రెండోది అయితే న్యాయవాదికి చూపించకుండా ఒక్క పేజీ కూడా అచ్చుకు ఇవ్వకండి.

ప్రచురణకర్త విషయానికి వస్తే, 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నాళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికని అర్థం. రాయల్టీ, అంటే రచయిత వాటా, పుస్తకం మీద అచ్చయిన ధర మీదనా, తగ్గింపు పోగా వచ్చిన సొమ్ము మీదనా అన్నది అడిగి రాయించుకోండి. ఆడియో పుస్తకం హక్కును మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి; మీ పుస్తకాన్ని మీ గొంతుతో చదవడానికి మీకంటె తగినవారు దొరకరు. సొంతంగా వేసుకునేట్టయితే, పుస్తకానికి గుర్తింపుగా ఉండే ఐఎస్‌బీఎన్ సంఖ్యను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ రుసుము లేకుండానే ఇస్తుంది. దాని పేరు చెప్పి ఎవరైనా వేలు అడిగితే ఇవ్వకండి.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి మంచి ఉద్యోగం వదిలేసి జోకులు చెబుతున్నాడని ఇన్నాళ్ళూ బాధపడ్డాం. ఇప్పుడు అదీ తగ్గించి, పుస్తకం రాస్తానని గదిలో తలుపు వేసుకుని కూర్చుంటున్నాడు. ఏమి చేయాలి?
– ఒక తల్లి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: అమ్మా, పుస్తకం మీద వచ్చే డబ్బుతో ఇల్లు గడుస్తుందని నేను చెప్పలేను, తెలుగులో అలా గడుపుతున్నవారు బహు కొద్దిమంది. ప్రదర్శనల మీద వచ్చే ఆదాయం నిలుపుకుంటూ పొద్దున రెండు గంటలు మాత్రం రాయమని చెప్పండి, తలుపు వేసుకోనివ్వండి. మీరు ఇంతవరకు ఆయన ప్రదర్శన చూడలేదని ఉత్తరంలో ఒకచోట రాశారు. ఈసారి దగ్గరలో జరిగినప్పుడు చెప్పకుండా టికెట్టు కొనుక్కుని వెళ్ళండి. ముందు వరుసలో మాత్రం కూర్చోకండి. కనబడినవారిని కమెడియన్లు వదలరు.