బాబును ఇండియా పంపే ముందు పదేళ్ల లెక్క చూసుకోండి

ప్రశ్న: మేము బర్మింగ్‌హామ్‌లో ఉంటాం. మావారిది స్కిల్డ్ వర్కర్ వీసా, నేను డిపెండెంట్‌ని. బాబు ఇక్కడే పుట్టాడు, ఇప్పుడు ఆరేళ్లు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తూ వాణ్ని చూసుకోలేకపోతున్నాం. వరంగల్‌లో మా అమ్మానాన్నల దగ్గర ఇంటర్ దాకా చదివించి, మెడిసిన్‌కి మళ్లీ ఇక్కడికి తీసుకురావాలని ఆలోచన. ఎలాగూ ఇక్కడే పుట్టాడు కాబట్టి ఎప్పుడొచ్చినా ఇబ్బంది ఉండదని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదమ్మా. వాళ్లు అమెరికాలో పుట్టిన పిల్లల సంగతి విని చెప్పి ఉంటారు. బ్రిటన్‌లో 1983 జనవరి 1 నుంచి పుట్టినంత మాత్రాన పౌరసత్వం రావడం లేదు. బిడ్డ పుట్టేనాటికి తల్లిదండ్రుల్లో ఒకరైనా బ్రిటిష్ పౌరులో, అక్కడ శాశ్వత నివాస అనుమతి, అంటే ఐఎల్ఆర్ ఉన్నవాళ్లో అయి ఉండాలి. మీ ఇద్దరివీ వీసాలే కాబట్టి బాబు బ్రిటిష్ పౌరుడు కాడు. దేశం దాటితే తిరిగి రావడానికి వాడికీ వీసా కావాలి.

అలాగని అక్కడ పుట్టడం వృథా ఏమీ కాదు. దానివల్ల వాడికి రెండు దారులున్నాయి. మొదటిది మీ ద్వారా వచ్చేది. వాడికి 18 నిండేలోపు మీలో ఒకరికి ఐఎల్ఆర్ వస్తే, ఆ వయసు దాటకముందే బ్రిటిష్ పౌరుడిగా రిజిస్టర్ చేయించమని హక్కుగా అడగొచ్చు. అప్పటికి వాడు వరంగల్‌లో ఉన్నా ఈ హక్కు పోదు. చిక్కల్లా ఐఎల్ఆర్ ఎప్పుడొస్తుందన్న దగ్గరే. స్కిల్డ్ వర్కర్లకు ఇన్నాళ్లూ ఐదేళ్లకు వచ్చేది. దాన్ని మామూలుగా పదేళ్లకు పెంచుతామని 2025 మేలో అక్కడి ప్రభుత్వం శ్వేతపత్రంలో ప్రకటించింది. మధ్యలో ఉద్యోగం పోతే ఆ టెన్షన్ వేరే.

రెండో దారి పూర్తిగా వాడిదే, మీ వీసాతో దానికి పని లేదు. అక్కడ పుట్టి, మొదటి పదేళ్లూ అక్కడే పెరిగిన పిల్లలకు పౌరసత్వం అడిగే హక్కు ఉంది. షరతు ఏమిటంటే, ఆ పదేళ్లలో ఏ ఒక్క ఏడాదీ 90 రోజులకు మించి దేశం బయట ఉండకూడదు. ప్రత్యేక కారణాలుంటే అధికారులు కొంత సడలించవచ్చు గానీ, అమ్మమ్మ దగ్గర ఏళ్ల తరబడి చదివితే ఆ సడలింపు మీద ఆశ పెట్టుకోలేం. ఇంకో నాలుగేళ్లు ఆగితే చేతికొచ్చే హక్కును ఇప్పుడు మీరే వదులుకుంటారా? పదేళ్లు నిండాక వాడు ఎక్కడ చదివినా ఆ హక్కు అలాగే ఉంటుంది.

ఈ లెక్కలో ఏడాది అంటే జనవరి నుంచి డిసెంబరు కాదు, పుట్టినరోజు నుంచి పుట్టినరోజు. బాబు ఆగస్టులో పుట్టాడనుకోండి, జూలై ఆఖర్లో మొదలయ్యే వేసవి సెలవుల ప్రయాణం సగం ఒక ఏడాదిలో, సగం ఇంకో ఏడాదిలో పడుతుంది. ఇప్పటిదాకా ఇండియా వచ్చివెళ్లిన తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి కూడండి. పసితనంలో ఓసారి నాలుగు నెలలు ఉంచి వచ్చారేమో గుర్తుచేసుకోండి, చాలామంది అక్కడే దొరికిపోతారు. టీకాల రెడ్ బుక్, నర్సరీ, స్కూలు ఉత్తరాలు, జీపీ (ఫ్యామిలీ డాక్టర్) రికార్డులు, పాత పాస్‌పోర్టులు ఏవీ పారేయకండి.

ఇక మెడిసిన్. ఇంటర్ ఇక్కడ, ఎంబీబీఎస్ అక్కడ అన్న మీ ప్లాన్ నాకు అసలు నచ్చలేదు. ఇంగ్లండ్‌లో హోమ్ ఫీజు, అంటే అక్కడి స్థానిక విద్యార్థులు కట్టే ఫీజు, 2025-26లో ఏడాదికి 9,535 పౌండ్లు. విదేశీ విద్యార్థిగా మెడిసిన్ చదివితే అది చాలాచోట్ల 40 వేలు దాటుతుంది. హోమ్ ఫీజుకు బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఒక్కటే చాలదు, కోర్సుకు ముందు మూడేళ్లు అక్కడ నివాసం ఉండాలి. కాబట్టి డాక్టర్ని అక్కడే చేయాలనుకుంటే కనీసం చివరి హైస్కూలు చదువు, ఎ-లెవెల్స్ (మన ఇంటర్ లాంటివి) అక్కడే ఉండేలా చూసుకోండి.

ఒకవేళ ఇండియాలోనే మెడిసిన్ అనుకుంటే లెక్క తిరగబడుతుంది. బ్రిటిష్ పౌరసత్వం తీసుకుంటే ఇండియన్ పాస్‌పోర్ట్ వదులుకోవాలి, మిగిలేది విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు. 2021 మార్చి 4 నోటిఫికేషన్ తర్వాత ఓసీఐ తీసుకున్నవాళ్లు నీట్ రాసినా ఎన్ఆర్ఐ, సూపర్ న్యూమరరీ (మామూలు సీట్లకు అదనంగా ఇచ్చే) సీట్లకే అర్హులు. ఇండియన్‌గానే ఉన్నా, తెలంగాణ కన్వీనర్ కోటాలో లోకల్ కావాలంటే 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లూ తెలంగాణలోనే చదవాలి. అంటే ఇండియా మెడిసిన్ కోసమైనా ఆరేళ్ల పిల్లవాణ్ని ఇప్పుడే పంపాల్సిన అవసరం లేదు.

అందుకే ఈ నాలుగేళ్లు బ్రేక్‌ఫాస్ట్ క్లబ్, ఆఫ్టర్ స్కూల్ క్లబ్‌లతో, వీలైతే మీ ఇద్దరిలో ఒకరు డ్యూటీ టైమింగ్స్ మార్చుకొని ఎలాగోలా నెట్టుకురండి. సెలవులకు ఐదారు వారాలు వరంగల్ పంపండి, మీ అమ్మగారికీ తృప్తిగా ఉంటుంది. పదేళ్లు నిండాక లైసెన్సున్న ఇమిగ్రేషన్ సలహాదారుకు ఆ తేదీల కాగితం చూపించండి. పౌరసత్వానికి అప్లికేషన్ పెట్టేలోపు మాత్రం మెడిసిన్ ఏ దేశంలోనో ఇంట్లో తేల్చుకోండి.